సున్నా గీసిన తలుపు

ఈ ఉద్యోగంలో నేను అన్నింటికంటే ఎక్కువసార్లు చేసిన పని తలుపు తట్టడం. ఏం చేస్తారని బయటివాళ్లు అడిగితే "ఆరోగ్య విధాన పరిశోధన" అనేదాన్ని. అది విని చాలామంది నన్ను డాక్టరనుకుని మోకాళ్ల నొప్పులకు మందు అడిగేవారు. మా చిన్నమ్మ అయితే నేను రిటైరయ్యే రోజు దాకా "మా సుజాత మందులు రాస్తది" అనే చెప్పుకుంది. నేను ఏనాడూ ఒక్క గోలీ రాయలేదు. దవాఖాన ఎవరికి అందుతోంది, ఎవరికి అందడం లేదు, ఎందుకు అందడం లేదు అని ఇల్లిల్లూ తిరిగి అడిగి, రాసుకొచ్చి, ప్రభుత్వానికి నివేదిక ఇవ్వడం మా పని. హైదరాబాదులో ఒక చిన్న సంస్థ మాది. నాలుగు గదులు, రెండు బీరువాలు. నా తిరుగుడంతా పాత నల్గొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాల్లోనే.

మొన్న ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఇదే పనిలో కొత్తగా చేరిందట. "ఫీల్డుకు వెళ్లేముందు ఏమేం చదవాలి మేడం?" అని అడిగింది. చదవాల్సినవి ఆమెకు నాకంటే బాగా తెలుసు, ఆ మాటే చెప్పి ఫోన్ పెట్టేశాను. తర్వాత మనసొప్పలేదు. పుస్తకంలో లేనిది ఒకటి నేను చేసిన తప్పు వల్ల నేర్చుకున్నాను, అదైనా చెప్పాల్సింది కదా అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఎవరు శాలువా కప్పారు అనేవి ఇందులో ఉండవు. అవి నాకే గుర్తులేవు.

తాళం

మా పనికి ఒక పద్ధతి ఉంది. ఊళ్లో ఇళ్లన్నింటికీ వరసగా నంబర్లు వేసుకుని, వాటిలోంచి కొన్నింటిని చీటీలు తీసినట్టు తీస్తాం. చీటీలో వచ్చిన ఇంటికే వెళ్లాలి, మనకు నచ్చిన ఇంటికి కాదు. ఆ ఇంటికి తాళం ఉంటే ఇంకోసారి వెళ్లి చూడాలి. అప్పటికీ తాళమే ఉంటే ఫారంలో "తాళం" అని రాసి, బదులుగా పక్కింటిని తీసుకోవచ్చు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను.

రాష్ట్రం వచ్చిన కొత్తలో ఆత్మకూరులో సర్వే చేస్తున్నాం. నాతో యాదయ్య ఉన్నాడు. మా ఫీల్డు సూపర్‌వైజరు, నాకంటే రెండేళ్లు పెద్ద, యాదన్నా అని పిలిచేదాన్ని. ఆయనది నల్గొండ వైపు ఊరు. ఫ్లోరైడు నీళ్లు తాగి ఆయన తండ్రి నడుము వంగిపోయింది. "మా ఊరికి మంచినీళ్లు రాకముందే లెక్కలు రాసేటోళ్లు వచ్చిన్రు మేడం. ఏండ్ల సంది వచ్చిన్రు. మా బాపు నడుము కొలిచి కొలిచి పోయిన్రు" అనేవాడు. అలాంటి మనిషి అదే లెక్కల పనిలో ఎందుకు చేరాడో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

ఆత్మకూరులో చీటీలో వచ్చిన ఒక ఇంటికి తాళం ఉంది. మట్టిగోడల చిన్న ఇల్లు. వెనక గోడ వానకు కూలి ఉంది. రెండోసారి వెళ్లినా తాళమే. పక్కింటి గడప మీద కూర్చుని ఒక ముసలామె చింతపండు గింజలు తీస్తోంది. పేరు నర్సమ్మ.

"ఈ ఇంటోళ్లు లేరా అవ్వా?" అన్నాను.

"యాడున్నరు బిడ్డా? గోడ కూలె. మళ్ల లేపేతందుకు చేతగాలే. మొగడు పెండ్లాం చిన్న పోరినేసుకొని షాద్‌నగర్ దిక్కు కంపెనీ పనికి పోయిన్రు."

"సరే, అయితే మీ ఇంట్ల రాసుకుంట" అని ఫారం తీశాను.

"నన్నేం రాసుకుంటవ్? నాకు పింఛిని వస్తది. దవాఖాన గీడనే ఉన్నది. కాలునొస్తే నా కొడుకు బండి మీద తోల్కపోతడు. తక్లీఫ్ ఉన్నోళ్లు తాళమేసి పోయిన్రు, తక్లీఫ్ లేనోళ్లను అడిగి పోతవా? మంచిగున్నది నీ నౌకరీ!"

నేను నవ్వేసి ఆమె పేరు రాసుకున్నాను. యాదయ్య నవ్వలేదు. ఆ నివేదికలో ఆ మండలానికి వైద్యం బాగానే అందుతోందని వచ్చింది. ఎందుకు రాదు? వైద్యం అందనివాళ్లు తాళాలు వేసుకుని వెళ్లిపోయారు, మేం వాళ్ల పొరుగువాళ్లను అడిగి వచ్చాం. నర్సమ్మ అప్పుడే చెప్పింది, నేను చెవిన పెట్టలేదు.

సున్నా

జిల్లాలు విడిపోయాక మా జాబితాలన్నీ తలకిందులయ్యాయి. ఏ మండలం ఏ జిల్లాలోకి పోయిందో వెతుక్కోవడానికే తలప్రాణం తోకకొచ్చింది. అది సర్దుకున్నాక షాద్‌నగర్‌లో కొత్త పని మొదలైంది. పనికోసం వచ్చి కిరాయి గదుల్లో ఉండేవాళ్లకు దవాఖాన ఎంతవరకు అందుతోందన్నది విషయం. నాకు చాలా నచ్చిన విషయం. ఎందుకంటే మనిషి ఉండేది ఒకచోట, కార్డు మీద ఉండేది ఇంకో ఊరు. ఆశా కార్యకర్త చేతిలో ఉన్న జాబితాలో ఇంటి యజమాని పేరుంటుంది, వెనక రేకుల గదుల్లో ఉన్నవాళ్ల పేర్లు ఉండవు. యజమానిని అడిగితే "మా ఇంట్ల కిరాయోళ్లు ఎవ్వరు లేరు" అంటారు. వాకిట్లో చూస్తే పది జతల చెప్పులుంటాయి.

రెండు దఫాలుగా చేయాలనుకున్నాం. మొదట అందరినీ నాలుగు ప్రశ్నలు అడగాలి. చాన్నాళ్లుగా దగ్గు, జ్వరం ఉన్న ఇళ్లకు కొన్ని వారాల తర్వాత రెండో టీము పెద్ద ఫారం పట్టుకుని వెళ్తుంది. చిక్కంతా ఆ గదిని మళ్లీ కనుక్కోవడంలో ఉంది. ఆ సందుల్లో ఇంటి నంబర్లుండవు. మేం వెళ్లిన ప్రతి తలుపు పైనా సుద్దముక్కతో మా నంబరు వేసేవాళ్లం. అది అందరూ చేసేదే, పోలియో చుక్కలవాళ్లూ రాస్తారు. దానికి నేనొక తెలివి జోడించాను. మళ్లీ వెళ్లాల్సిన ఇల్లయితే ఆ నంబరు చుట్టూ సున్నా గీయాలని చెప్పాను. రెండో టీము సందులోకి అడుగుపెట్టగానే తెలిసిపోతుంది. అబ్బో, ఆ ఆలోచన వచ్చిన రోజు నా మురిపెం చూడాలి! మా డైరెక్టరుగారు మీటింగులో అందరి ముందూ మెచ్చుకున్నారు కూడా.

యాదయ్య ఒక్కడే అడ్డుతగిలాడు.

"గీ సున్నా ఎందుకు మేడం? కాయితంల రాసుకుంటనే ఉన్నం కదా."

"రెండో టీముకు జల్ది దొరకాలె కదా యాదన్నా."

"దొరుకుతది. గని వాడకట్టోళ్లు గూడ చూస్తరు."

"చూస్తే చూడనీ. వాళ్లకేం సమజైతది?"

ఆయన తువ్వాలతో మొహం తుడుచుకుని ఊరుకున్నాడు. నాకు ముక్కు మీద కోపమని ఆయనకు తెలుసు.

షాహిదా

బాలమణి అనే ఆమె ఇంటి వెనక నాలుగు రేకుల గదులున్నాయి. భర్త లేడు, ఆ కిరాయిలతోనే బతుకుతోంది. ఒక గదిలో ఇరవై ఐదేళ్ల అమ్మాయి, నాలుగేళ్ల కూతురు ఉన్నారు. తల్లి పేరు షాహిదా. భర్త జహంగీర్ కంపెనీలో లోడింగు పని చేస్తాడు, ఆ వేళకు ఇంట్లో లేడు. నేను ప్రశ్నలు మొదలుపెట్టగానే షాహిదా లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. కిటికీ ముందే మూసి ఉంది. లోపల పొయ్యి వేడి.

"దగ్గున్నదా?" అని అడిగాను.

కాసేపు కూతురి జడ సవరిస్తూ కూర్చుంది. తర్వాత చిన్న గొంతుతో చెప్పింది. "ఉండె మేడం. టీబీ అన్నరు. నెల సంది మందు తింటున్న. ఆర్నెల్లు తినాల్నంట. కంపెనీకి పోతున్నట్టు పోయి గవర్నమెంట్ దవాఖానల తెచ్చుకుంట."

"రోజూ వేసుకుంటున్నవా?"

"ఒక్కరోజు గూడ తప్పలే. బియ్యం డబ్బల దాచిపెట్టిన, బాలమణమ్మ కండ్ల పడొద్దని." అని నా చెయ్యి పట్టుకుంది. "ఆమెకు చెప్పకు మేడం. తెలిస్తే జాగా ఖాళీ చెయ్యిమంటది. మావోళ్లకు కిరాయికి ఇచ్చేటోళ్లే తక్వ. ఎన్నో ఇండ్లు తిరిగితే ఇది దొరికింది. ఇది పోతే ఏడికి పోవాలె? దవాఖాన గూడ పోతది."

"చెప్పను బిడ్డా. నా నోట్లోంచి రాదు" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

మీదే ఊరని అడిగితే ఆత్మకూరంది. ఇల్లుందా అంటే, ఉంది, వెనక గోడ కూలిందంది. "మా పక్కన నర్సమ్మవ్వ అని ఉంటది" అనగానే ఫారం మీంచి తలెత్తాను. అదే ఇల్లు. నేను తాళం అని రాసి వదిలేసిన ఇల్లు. మా లెక్కల్లోకి రాని మనిషి చివరికి నా ఎదురుగా కూర్చుని ఉంది. నేను నర్సమ్మను చూశానని చెప్తే ఎంత సంతోషపడిందో! "అవ్వ మంచిగుందా? నన్ను యాది చేసిందా?" అని రెండుసార్లు అడిగింది. చాయ్ పెడతానంది. ఇంకా పది గదులు తిరగాలి, వద్దని లేచాను.

బయటికొచ్చాను. జేబులోంచి సుద్దముక్క తీశాను. తలుపు మీద నంబరు వేశాను. నంబరు చుట్టూ సున్నా గీశాను. చేతులు దులుపుకుని పక్క గదికి వెళ్లాను.

ఫారాల మీద పేర్లు బయటపడకూడదని మాకు ఎంత జాగ్రత్తో! పేర్లు వేరే కాగితం మీద, ఆ కాగితం బీరువాలో, బీరువా తాళంచెవి డైరెక్టరుగారి దగ్గర. హైదరాబాదులో అంత భద్రంగా దాచాం. షాద్‌నగర్‌లో మాత్రం తలుపు మీద రాసి వచ్చాం.

మళ్లీ తాళం

కొన్ని వారాల తర్వాత రెండో టీము ఫారాలు నా టేబులు మీదికొచ్చాయి. తిరగేస్తుంటే ఒకచోట చెయ్యి ఆగింది. "తాళం. బదులు: పక్కగది." నంబరు చూశాను. షాహిదా గది.

ఒకే మనిషిని రెండు ఊళ్లలో రెండుసార్లు తాళం అని రాసిన ఘనత మాది. మర్నాడు పొద్దున్నే యాదయ్యను తీసుకుని బస్సెక్కాను.

ఆ గదికి కొత్త తాళం ఉంది. తలుపు మీద తడిగుడ్డతో తుడిచినట్టున్నారు, నంబరు పోయింది. సున్నా మాత్రం పాత చెక్కలో దిగిపోయి తెల్లగా కనిపిస్తోంది. బాలమణి బయటికొచ్చింది.

"షాహిదా ఏదమ్మా?"

"పొమ్మన్న, పోయిన్రు."

"సిగ్గులేదా నీకు? మందు తింటున్న మనిషిని, పసిపిల్లతోని రోడ్డు మీదికి తోలుతవా?" అని నోటికొచ్చినట్టు అరిచాను.

ఆమె నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "నాకు సిగ్గు నేర్పకు. ఆ పోరి నాకు చెప్పలే, దాచింది. చెప్పింది నువ్వు."

"నేనా?"

"నువ్వే. గా మూలకున్న మల్లయ్య ఇంటికి సున్నా గీసినవ్. మల్లయ్య దగ్గు నాకెర్కనే. రేకులింట్ల ముసల్దానికి గీసినవ్. ఆమెది గూడ ఎర్కనే. నడుమున్న ఇండ్లకు ఉట్టి నంబరే. మళ్ల నా జాగల ఒక్క గదికి సున్నా. ఇగ సమజ్ గాదా? మేం సద్వుకోలేదని గుర్తు జూసి తెలుసుకోలేమనుకున్నవా?"

ఆమె ఆగలేదు. ఈసారి గొంతు తగ్గింది.

"నా మనుమరాలికి మూడేండ్లు. పొద్దుగూకులు షాహిదా బిడ్డతోనే ఆడుతుండె, షాహిదా చేతి బువ్వ తింటుండె. నేను ఎవర్ని అడగాలె? నువ్వు గంతసేపు లోపట కూసున్నవ్. పొయ్యేటప్పుడు నాకొక్క మాట చెప్పినవా, భయముందో లేదో? గీసి పోయినవ్."

ఆమె ప్రశ్నకు నాకు జవాబు తెలుసు. మందు సరిగా వేసుకుంటున్న మనిషి వల్ల అంటుకునే భయం త్వరగానే బాగా తగ్గిపోతుంది, గదికి గాలి వెలుతురు రావాలి, పిల్లలను ఒకసారి డాక్టరుకు చూపించాలి. అంతే. ఈ రెండు ముక్కలు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? కానీ సర్వే చేసేవాళ్లు అడగాలే తప్ప చెప్పకూడదని మాకు నేర్పారు. నేనూ అందరికీ అదే నేర్పాను. ఆ రోజు బాలమణి వాకిట్లో నిలబడి, ఆలస్యంగా, ఆ మాటలు చెప్పాను. ఆమె విన్నది. "ముందుగాల చెప్తే ఉండనిస్తుంటి కదా" అంది. నిజంగా ఉండనిచ్చేదో లేదో నాకు తెలియదు. కానీ ఆమెకు ఆ అవకాశం మేం ఇవ్వలేదు.

దవాఖానకు వెళ్లి అడిగాం. షాహిదా మందు తీసుకెళ్లి చాన్నాళ్లయింది. మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుందని, మామూలు మందులకు లొంగదని అక్కడి నర్సు చెప్పింది. నాకు ఆ మాట కొత్త కాదు, ఎన్నో నివేదికల్లో రాశాను. ఈసారి అది షాహిదా గురించి.

"నువ్వు ముందే అన్నవ్ యాదన్నా" అన్నాను బస్టాండులో.

"అన్న. గట్టిగ అనకపోతి మేడం" అన్నాడు. తర్వాత బస్సుల బోర్డులు చూస్తూ, "కూలినా ఇల్లు ఇల్లే కదా. ఆత్మకూరుకే పోయుంటది" అన్నాడు.

కూలిన గోడ

ఆ తలుపుకు తాళం లేదు. లోపల గడియ పెట్టి ఉంది. తట్టాను.

"ఎవరు?"

"నేను షాహిదా. సర్వే మేడంను."

లోపల దగ్గు. తర్వాత మాట. "నర్సమ్మవ్వను అడిగి రాసుకోండ్రి మేడం. అప్పుడు గూడ గట్లనే చేసిన్రంట కదా."

"రాసుకోనీకి రాలే బిడ్డా. మందు వేసుకుంటున్నవా?"

"అయిపోయినయి."

"తప్పు నాదే షాహిదా. నీకు మాటిచ్చి..."

"నా తల్లికి గూడ చెప్పలే మేడం," అంది తలుపు అవతల నుంచి. "నీకు చెప్పిన."

నేను అక్కడే నిలబడిపోయాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఏడ్చాను కూడా, దాచడం ఎందుకు. నర్సమ్మ వచ్చి రెక్క పట్టుకుని గుంజింది.

"గంతసేపు తలుపు ముంగట నిలబడితే వాడకట్టంత చూస్తలేదా? ఏమైంది, ఎందుకొచ్చిన్రని అడుగుతలేరా? మళ్ల గదే పని చేస్తున్నవ్. నడువ్ ఇటు!"

తన ఇంట్లో కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. జహంగీర్ షాద్‌నగర్‌లోనే తోటి పనివాళ్లతో ఉంటున్నాడని, భార్యాబిడ్డల్ని దింపి వెళ్లాడని చెప్పింది. షాహిదాకు ఏం జబ్బో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. కానీ ఆ ముసలామెకు తెలుసని నాకు అర్థమైంది.

"దవాఖానల నర్సును తోల్కరా" అంది. "నాకు బీపీ ఉన్నదని చెప్పు. నా ఇంటికొస్తది. ముసలిదానికి బీపీ చూడనీకి నర్సొస్తే ఎవరేమంటరు?"

"మరి షాహిదా?"

"ఆమె ఇంటి ఎనక గోడ యాడుంది? కూలింది గదా. నా పెరట్లకెల్లి పోతే ఎవలకు కనపడదు."

నేను ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రోగి గుట్టు కాపాడటం గురించి ఎన్ని శిక్షణలు తీసుకున్నానో, ఎన్ని ఇచ్చానో లెక్కలేదు. ఇంత పనికొచ్చే మాట ఎక్కడా వినలేదు. యాదయ్య అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు.

ఆత్మకూరు దవాఖాన నర్సు మంచి మనిషి, విషయం చెప్పగానే బయల్దేరింది. నర్సమ్మకు నిజంగానే బీపీ చూసి, మందు గురించి కోప్పడి, తర్వాత పెరట్లోంచి అవతలికి వెళ్లింది. షాహిదా ఆమెను రానిచ్చింది. నేను వెళ్లలేదు. నర్సమ్మ గడప దగ్గరే కూర్చున్నాను. అవతల నుంచి మాటలు సన్నగా వినపడుతున్నాయి. చాలాసేపటికి నర్సు తిరిగొచ్చి, మళ్లీ పరీక్ష చేయిస్తామని, డాక్టరు చూసి మందు మొదలుపెడతారని, షాద్‌నగర్ నుంచి కాగితాలు తెప్పించే పూచీ తనదని చెప్పింది. అప్పటి నుంచి నెలల తరబడి నర్సమ్మ బీపీ కోసం నర్సు వారం వారం వచ్చేది. ఆ వాడలో అంత శ్రద్ధగా ఎవరి బీపీనీ చూసి ఉండరు.

గడిలో పట్టనిది

ఇక మా డైరెక్టరుగారి సంగతి. ఆయన పేరు రాయను, ఎందుకంటే చెడ్డమనిషి కాదు. ఆఫీసు కారులో ఏనాడూ సొంత పనికి వెళ్లలేదు. లెక్కల్లో ఆయనకు సాటి లేరు. కానీ ఆయన ఏనాడూ రేకుల గదిలో కూర్చోలేదు. ఫారంలో గడి లేకపోతే ఆ సంగతి జరగనట్టే ఆయనకు.

మా ఫారంలో మందు ఎందుకు ఆపారన్న ప్రశ్నకు కొన్ని జవాబులు ముందే అచ్చువేసి ఉంటాయి. ఇష్టం లేక, పడక, ఊరు మారి, ఇతరములు. షాహిదా ఫారం పట్టుకుని ఆయన గదిలోకి వెళ్లాను.

"ఊరు మారారు అని వేయండి సుజాతగారూ. నిజమే కదా?" అన్నారు.

"నిజమే సార్. ఎవరు మార్చారో అందులో లేదు."

"దానికి గడి లేదు."

"అందుకే మీ దగ్గరికొచ్చాను. మనం గీసిన సున్నా వల్ల ఇల్లు పోయింది, ఇల్లు పోయి మందు ఆగింది. అలాగే రాయాలి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఇలా రాస్తే మన సంస్థకు ఇంకెవరు పని ఇస్తారన్నారు. పరిశోధకురాలు తన పొరపాటును తనే నివేదికలో పెట్టుకోవడం ఎక్కడా చూడలేదన్నారు. నేను గొంతు పెంచాను. ఆయనా పెంచారు. ఆఖరుకు, పద్ధతుల గురించి చెప్పే భాగంలో ఒక్క పేరా రాసుకోమన్నారు. రాశాను. చిన్న అక్షరాల్లో వచ్చింది.

ఇక్కడ నా గురించీ ఉన్నమాట చెప్పాలి. ఆ చిన్న అక్షరాలకు నేను ఒప్పుకోకుండా ఉండాల్సింది. ఇంకా పోట్లాడాల్సింది. ఉద్యోగం పోతుందనే భయం లేదు నాకు, అలసిపోయానంతే. ఎవరైనా ఆ పేరా చదివారో లేదో తెలియదు. కానీ అప్పటి నుంచి మా టీములు ఎవరి తలుపు మీదా సుద్దముక్క పెట్టలేదు. సందు గుర్తుల్ని కాగితం మీద గీసుకునేవాళ్లం. వాకిట్లో వేపచెట్టు, నీలం డ్రమ్ము, విరిగిన మెట్టు, ఇలా. యాదయ్య గీసిన పటాలు ఎంత బాగుండేవో!

కొత్తగా వచ్చేవాళ్లు నన్ను ఏమైనా అడగదలిస్తే ఇదే చెప్తాను. తాళం కనిపిస్తే సంతోషపడి పక్కింటికి పోకండి. ఎక్కడికి పోయారో అడగండి, వీలైతే అక్కడికీ వెళ్లండి. మీకు కావాల్సిన మనిషి చాలాసార్లు ఆ తాళం వెనకే ఉంటుంది. కిరాయిగదిలో ఉన్నవాళ్లతో ఎక్కడ కూర్చుని మాట్లాడాలో వాళ్లనే అడగండి, మీ ఇష్టం వచ్చిన చోట కాదు. జీపు సందు మొదట్లోనే ఆపండి. ఇంటి యజమానిని దుర్మార్గుడని ముందే అనుకోకండి, వాళ్ల భయానికి జవాబు చెప్పగలిగితే చెప్పండి, నియమం ఒప్పుకోకపోతే నియమాన్ని పక్కన పెట్టండి. మీతో ఉన్న సూపర్‌వైజరు ఒకమాట మెల్లగా అంటే పని ఆపి వినండి. యాదయ్య లాంటివాళ్లు రెండోసారి అనరు.

ఆయన ఈ పనిలో ఎందుకు చేరాడో ఆ రోజుల్లోనే ఒకసారి అడిగాను. "మా బాపును కొలిచినోళ్లల్ల ఒక్కడన్న మళ్ల రాలే మేడం. నేను మళ్ల పోతున్న కదా, గంతే చాలు" అన్నాడు.

మళ్లీ వెళ్లడం

ఉద్యోగంలో నా చివరి పర్యటనలో ఆత్మకూరు వెళ్లాను. పని ఏమీ లేదు, ఫారం లేదు. యాదయ్య నాకంటే ముందే రిటైరై ఊరికి వెళ్లిపోయాడు, ఒక్కదాన్నే వెళ్లాను. ఈసారి తిన్నగా షాహిదా ఇంటికి వెళ్లలేదు. నర్సమ్మ ఇంటికి వెళ్లి కూర్చున్నాను. ఆమెకు చూపు తగ్గింది, నోరు తగ్గలేదు. "ఇగ పోరాదు, నన్ను సూడనీకి వచ్చినవా ఏంది!" అని కసిరింది.

"పెరట్లోంచి వెళ్లనా?"

"పెరట్లకెల్లి యాడ పోతవ్? గోడ కట్టిన్రు."

జహంగీర్ సిమెంటు ఇటుకలతో కట్టాడట. ముందు నుంచే వెళ్లి తలుపు తట్టాను. నా ఉద్యోగంలో ఎన్ని వేల తలుపులు తట్టి ఉంటానో. ఈసారి తట్టి ఒక అడుగు వెనక్కి జరిగి నిలబడ్డాను.

తలుపు జానెడు తెరుచుకుంది. షాహిదా కొంచెం ఒళ్లు చేసింది, మొహంలో కళ వచ్చింది. ఎదిగిన కూతురు ఆమె భుజం వెనక నుంచి తొంగిచూస్తోంది. షాహిదా నవ్వలేదు, తిట్టలేదు. నన్ను చూసి, తలుపు పైభాగం చూసి, మళ్లీ నన్ను చూసింది.

"మందు మొత్తం తిన్న. ఒడిసి చాన్నాళ్లాయె" అంది. "గల్ల పరీక్షల టీబీ ఏం లేదన్నరు."

"నర్సమ్మవ్వ చెప్పింది బిడ్డా. అందుకే చూసి పోదామని."

"రాసుకోనీకి కాదా?"

"కాదు."

"చేతులు చూపియ్ మేడం."

సంచి గడప బయట పెట్టి రెండు అరచేతులూ చాచాను. ఆమె వంగి నిజంగానే చూసింది, వేళ్ల సందుల్లో కూడా. తర్వాత తలుపు బార్లా తీసింది.

"లోపటికి రా. ఆ రోజు చాయ్ తాగకుండ పోయినవ్."